మా నాన్నగారు పందేలు కాస్తున్నారు. తప్పు ఆయనదా, మాత్రదా?

గుమాస్తాగారబ్బాయి
జనవరి 28, రాత్రి 11:10

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర చిన్న ఊరు. ఇక్కడ సైకాలజీ చదివినవాళ్ళు, చెప్పేవాళ్ళు ఉంటారని మా అమ్మాయి అంటే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టి చదవండి.

మా నాన్నగారికి 67 ఏళ్ళు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ఒక్క షావుకారు దగ్గరే 34 ఏళ్ళు గుమాస్తాగా చేశారు. కొత్తకాయ ఎన్ని వేలు దిగింది, కురిడీలో గండేరా రకం ఎంత, గటగట రకం ఎంత, ఏ లారీకి ఎన్ని బస్తాలు ఎక్కాయి, ఏ రైతుకి ఎంత బయానా ఇచ్చారు, అంతా ఆయన చేతి మీదుగానే నడిచేది. షావుకారుగారు బీరువా తాళాలు ఆయన చేతిలో పెట్టి కాశీ వెళ్ళొచ్చారు. ఇంటికొచ్చి భోంచేశాక మళ్ళీ ఇంకో పద్దు పుస్తకం తీసేవారు, అది మా ఇంటిది. పాలు, కూర, కరెంటు బిల్లు, నా ఫీజు. రూపాయి తేడా వస్తే అది ఎక్కడ పోయిందో దొరికేదాకా లైటు ఆర్పేవారు కాదు. సంక్రాంతికి మా మేనమామలు బరి దగ్గరికి రమ్మని చెయ్యి పట్టుకు లాగినా కదిలేవారు కాదు. కనుమ నాడు ఊళ్ళో మగాళ్ళంతా అక్కడుంటే ఈయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునేవారు.

ఐదేళ్ళ కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. దానికంటే ముందే చేతిరాత మారింది, అప్పుడు మాకు తెలియలేదు. ఇప్పుడు ఆ పుస్తకం తీసి చూస్తే తెలుస్తోంది. లైను మొదట్లో అక్షరం మామూలుగానే ఉంటుంది, కుడివైపుకి వెళ్ళేకొద్దీ సన్నబడి సన్నబడి చివర అంకెలు చీమ తలకాయంత అయిపోయాయి. కాకినాడలో నరాల డాక్టరుగారు చూసి పార్కిన్సన్ జబ్బు అన్నారు. ప్రమిపెక్సోల్ అనే మాత్ర మూడు పూటలా వేశారు, తర్వాత లెవోడోపా చేర్చారు. మూడు నెలల్లో నాన్నగారు చొక్కా గుండీలు మళ్ళీ తనే పెట్టుకున్నారు. అక్షరాలు తిరిగి పెద్దవయ్యాయి. ఆ డాక్టరుగారికి మా అమ్మ రోజూ దణ్ణం పెట్టుకునేది.

పదిహేను నెలల కిందట నడక మళ్ళీ తగ్గితే ప్రమిపెక్సోల్ డోసు పెంచారు. ఆ తర్వాత మొదలైంది కథ.

మొదట కార్తీకమాసం వనభోజనాల్లో పేకాట. పోనీలే, పెద్దాయనకి కాలక్షేపం అనుకున్నాం. తర్వాత కొబ్బరితోటలో ఒక మకాం దగ్గర రోజూ పేక. ఆ సంక్రాంతికి బరి. ఎన్నడూ కోడి వంక చూడని మనిషి డేగ ఏది, కాకి ఏది, ఏ రోజున ఏ రంగు నెగ్గుతుంది అని తెల్లారుజామున నాలుగింటికి లేచి కుక్కుటశాస్త్రం చదువుతున్నారు. ఈ సంక్రాంతికి మా అమ్మ గొలుసు తాకట్టుకి వెళ్ళింది.

కనుమ రోజు మధ్యాహ్నం నేనే వెళ్ళి పట్టుకొచ్చాను. అప్పుడు చూసింది ఇంకా కళ్ళలో ఉంది. నాన్నగారు కాసిన కోడి ఒకే దెబ్బకి ఒరిగిపోయింది. పక్కనున్నవాళ్ళు తలలు పట్టుకున్నారు, ఒకాయన కూలబడిపోయాడు. మా నాన్నగారి మొహంలో మాత్రం చిన్న కదలిక లేదు. కోడి కాలికి కత్తి ఇంకా విప్పనే లేదు, ఈయన చెయ్యి జేబులో రెండో కట్ట కోసం వెతుకుతోంది. ఆ చెయ్యి వణకట్లేదండి. ఓడిపోయాననే సంగతి ఆ మనిషి లోపలికి వెళ్ళలేదు. నాకు కోపం రాలేదు, భయం వేసింది.

మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరంలో సైకాలజీ తీసుకుంది. మనిషి ప్రవర్తనకి కారణాలు మెదడులో, నరాల మధ్య నడిచే రసాయనాల్లో, హార్మోన్లలో, జన్యువుల్లో వెతకాలనే పాఠం వాళ్ళకి జరుగుతోంది. పండక్కి వచ్చినప్పుడు తాతయ్య సంగతి విని, "నాన్నా, తాతయ్య మాత్రల చీటీలు ఒకసారి తియ్యి" అంది. చీటీలు, పద్దు పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. డోసు పెంచింది అక్టోబరు 14. "పేక 200" అని మొదటి పద్దు నవంబరు 19. అవునండి, అన్నీ రాశారు. పోయిన ప్రతి రూపాయి తేదీతో సహా రాశారు. కూడికలన్నీ సరిగ్గా ఉన్నాయి. గొలుసు తాకట్టు కూడా "జమ" కింద ఉంది.

నా ప్రశ్నలు రెండు. మాత్ర మనిషి చేత పందెం కాయించగలదా? ఇది మొదటిది. నాకు నిద్ర పట్టనివ్వనిది రెండోది. ఈ పదిహేను నెలలూ ఆయన చేసింది మాత్ర పని అయితే, ముందు 34 ఏళ్ళ నిజాయితీ కూడా తలలో ఉన్న ఏదో రసాయనం పనేనా? అలాగైతే మా నాన్నగారు అనే మనిషి ఎక్కడున్నట్టు? మా ఆవిడేమో "జబ్బు వంక పెట్టి తప్పు కప్పెట్టకండి" అంటోంది. అమ్మకి ఏం చెప్పాలో తెలియడం లేదు.


కాలవగట్టు
జనవరి 29, ఉదయం 6:25

అన్నయ్యా, నీ బాధ అర్థమైంది కానీ ఒక మాట అంటాను, కష్టపెట్టుకోకు. మా బాబాయ్ ఏ మాత్రా మింగలేదు. వణుకూ లేదు, రోగమూ లేదు. ముక్తేశ్వరం వైపు రెండెకరాల కొబ్బరితోట పేకలో పెట్టి పోగొట్టాడు, పిన్ని ఇప్పుడు హైదరాబాద్‌లో ఒకళ్ళింట్లో వంట చేస్తోంది. ఆయన్ని ఎవరూ రోగి అనలేదు. సావాసం చెడ్డదైతే మనిషి చెడతాడు. ముందు ఆ మకాం వైపు వెళ్ళకుండా చెయ్యి, చేతికి డబ్బు అందనీకు. మెదడు, రసాయనం అనుకుంటూ కూర్చుంటే మిగతాది కూడా పోతుంది.


పాఠం చెప్పే మాస్టారు
జనవరి 29, రాత్రి 9:50

బాబూ, ముందుగా ఒక్క మాట. ఈ రాత్రే ఆ మాత్రలు తీసి అవతల పడేయాలని మీకు అనిపించి ఉంటుంది. ఆ పని చేయకండి. ఆ మందు ఒక్కసారిగా ఆపితే వణుకు, బిగుతు తిరిగి రావడమే కాదు, విపరీతమైన ఆందోళన, చెమటలు, దిగులు పట్టుకుంటాయి. డాక్టరే మెల్లిగా తగ్గించాలి. చీటీలు, పద్దు పుస్తకం రెండూ పట్టుకుని ఈ వారంలోనే వెళ్ళండి. పందెం మాట డాక్టరుగారి ముందు ఎత్తడానికి సిగ్గుపడకండి. ఇళ్ళల్లో అందరూ దాచేది అదే, అందుకే వాళ్ళకి తెలియడం ఆలస్యమవుతోంది.

నేను రాజమండ్రి వైపు డిగ్రీ పిల్లలకి 19 ఏళ్ళుగా సైకాలజీ చెబుతున్నాను. డాక్టర్ని కాను. మీ మొదటి ప్రశ్నకి జవాబు మాత్రం గట్టిగా చెప్పగలను. అవును, కాయించగలదు. ఇది మీ ఒక్క ఇంట్లో జరిగింది కాదు. 2010లో వైన్‌ట్రాబ్ అనే పరిశోధకుడి బృందం 3,090 మంది పార్కిన్సన్ రోగుల్ని పరిశీలించి రాసిన వ్యాసం ఉంది. జూదం, ఆపుకోలేని కొనుగోళ్ళు, అతిగా తినడం, అదుపు లేని కామేచ్ఛ, వీటిలో ఏదో ఒకటి ప్రమిపెక్సోల్ జాతి మందులు వాడేవాళ్ళలో 17.1 శాతం మందికి కనిపించింది. ఆ జాతి మందు వాడనివాళ్ళలో 6.9 శాతం.

ఎందుకలా అవుతుందో మన కాలవ భాషలో చెబుతాను. పార్కిన్సన్ జబ్బులో మెదడు అడుగున నల్లగా ఉండే ఒక చిన్న భాగంలో కణాలు చచ్చిపోతాయి. డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసి పంపేవి అవే. అయితే అన్ని వైపులా ఒకేసారి ఎండిపోవు. చేతులు కాళ్ళు కదిలించే పని చూసే భాగానికి వెళ్ళే పాయ ముందు ఎండుతుంది. ఏది కావాలి, దేని మీద ఆశ పడాలి అని చూసే భాగానికి వెళ్ళే పాయలో నీళ్ళు చాలాకాలం బాగానే ఉంటాయి. ఇప్పుడు మీరే చెప్పండి. కాలవ చివరనుండే శివారు భూములకి నీళ్ళు అందడం లేదని ధవళేశ్వరం దగ్గర గేట్లు ఇంకొంచెం ఎత్తారనుకోండి. శివారు చేను తడుస్తుంది, నిజమే. ఎగువ చేను ఏమవుతుంది? మునుగుతుంది. మీ నాన్నగారి చేతివణుకు శివారు చేను. పందెం మునిగిన ఎగువ చేను. పైగా ప్రమిపెక్సోల్ డోపమైన్‌లాగే నటించే మందు, ఆ ఎగువ భాగంలో ఎక్కువగా ఉండే డి3 అనే గ్రాహకాలను, అంటే కణాల మీద డోపమైన్ వచ్చి అతుక్కునే చోట్లను, మరీ గట్టిగా పట్టుకుంటుంది.

బరి దగ్గర ఆయన మొహం గురించి మీరు రాసింది చదివి నేను కాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. దానికి కూడా వివరణ ఉంది. వోల్ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, అనుకోకుండా పళ్ళరసం దొరికితే డోపమైన్ కణాలు గబగబా స్పందించాయి. వస్తుందనుకున్న రసం రాకపోతే సరిగ్గా ఆ క్షణంలో వాటి స్పందన ఉన్నదానికంటే కిందికి పడిపోయింది. ఆ పడిపోవడమే ఓటమి నేర్పే పాఠం. ఇంకోసారి ఇటు రాకు అని మెదడు తనకు తాను చెప్పుకోవడం అన్నమాట. ఒంట్లో మాత్ర పొద్దస్తమానం ఒకే మట్టంలో ఉంటే ఆ దిగడం తెలియదు. లాకులు మూసినా కాలవలో నీటిమట్టం తగ్గకపోతే రైతుకి లాకులు మూశారని ఎలా తెలుస్తుంది? 2004లో మైకేల్ ఫ్రాంక్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు పార్కిన్సన్ రోగుల్లోనే దీన్ని పరీక్షించారు. మందు వేసుకోని సమయంలో రోగులు తప్పుల నుంచి బాగా నేర్చుకున్నారు. మందు మీద ఉన్నప్పుడు గెలుపుల నుంచి బాగా నేర్చుకున్నారు, ఓటమి నుంచి తక్కువ. "ఓడిపోయాననే సంగతి ఆ మనిషి లోపలికి వెళ్ళలేదు" అని మీరు రాశారే, ఏ పాఠ్యపుస్తకమూ చదవకుండా ఉన్నదున్నట్టు చెప్పారు.

జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బు గురించి రాసినప్పుడు ఇంద్రియాలు, తెలివి దెబ్బతినవని రాశాడు. చాలాకాలం దీన్ని ఒట్టి కదలికల జబ్బుగానే చూశారు. మీ నాన్నగారు వేసుకునే రెండో మందు, మెదడులోకి వెళ్ళి డోపమైన్‌గా మారే లెవోడోపా కూడా మనకి పరాయిదేం కాదు. మన చేలగట్ల మీద పాకే దూలగొండి గింజల్లో ఉంటుంది అది. 1937లో మద్రాసులో ఆ గింజల నుంచే విడదీశారు. చిన్నప్పుడు ఆ కాయ నూగు తగిలి ఒళ్ళంతా గోక్కున్న మనకి దాని గింజలో ఇంత కథ ఉందని ఎవరు చెప్పారు?

ఇక రెండో ప్రశ్న. దీనికి నా దగ్గర లెక్క లేదు, అభిప్రాయమే ఉంది. పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు ఫినియాస్ గేజ్ కథ చెబుతాం. 1848లో అమెరికాలో రైలు పట్టాల పనిలో మేస్త్రీ. పేలుడులో మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ చెంప కింద దూరి నడినెత్తి లోంచి బయటికి పోయింది. బతికాడు. కానీ అంతకుముందు నెమ్మదస్తుడు, లెక్కలో గట్టివాడు అనిపించుకున్న మనిషి, మాటకి కట్టుబడకుండా పోయాడని, అతను మునుపటి గేజ్ కాదని స్నేహితులు అన్నట్టు అతనికి వైద్యం చేసిన డాక్టర్ హార్లో రాశాడు. పిల్లలు అక్కడితో పుస్తకం మూసేస్తారు. మిగతాది నేను చెబుతాను. అదే గేజ్ తర్వాత చిలీ వెళ్ళి కొన్నేళ్ళపాటు గుర్రపు బండ్లు తోలాడు. దూరాభారం రోడ్లు, రోజూ ఒకే వేళకి లేవడం, గుర్రాలకి మేత, ప్రయాణికులు. అంత దెబ్బ తిన్న మెదడుతోనే, పని ఒక క్రమం ఇస్తే మనిషి దానిలో నిలబడ్డాడు.

అందుకే అంటున్నాను, మెదడు కారణం అయినంత మాత్రాన మనిషి లేకుండా పోడు. ఆ మందు వాడిన నూరు మందిలో 83 మందికి ఇలా కాలేదు, అది కూడా చూడండి. వచ్చినవాళ్ళలో కొందరు కొన్నారు, కొందరు తిన్నారు. మీ నాన్నగారికి పేక, కోడి ఎందుకు? మందు ఇచ్చింది తోపు మాత్రమే. ఎటు పడాలో మన ఊరు చూపించింది. వనభోజనాల పేక, కనుమ బరి, తోటలో మకాం ఆయన రోజూ చూసినవే. జీవశాస్త్ర దృష్టి ఒక్కటే పెట్టుకుంటే ఈ సగం కనబడదు. ఊరినొక్కదాన్నే తిట్టుకుంటే మాత్ర సగం కనబడదు.

మీ పద్దు పుస్తకం మాట. మీరు దాన్ని తప్పుకి సాక్ష్యంగా చూస్తున్నారేమో. నాకు వేరేలా కనబడింది. జూదంలో పడ్డవాడు చేసే మొదటి పని లెక్క దాచడం. ఈయన ఒక్కటీ దాచలేదు. 34 ఏళ్ళ గుమాస్తా అక్కడే కూర్చుని రాస్తూనే ఉన్నారు. ఎక్కడున్నారని అడిగారు కదా.

కాలవగట్టు గారూ, మీరన్నదాంట్లో డబ్బు చేతికి అందనీయకపోవడం నూటికి నూరుపాళ్ళూ సరైన సలహా. మీ బాబాయిగారి సంగతి కూడా కొట్టిపారేయను. మాత్ర లేకుండా పడినవాళ్ళ మెదడు కూడా మెదడే. కవలల మీద చేసిన పరిశీలనల్లో, జూద వ్యసనం విషయంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు సగం వంశం నుంచి వచ్చేదిగా తేలింది. అంటే ఆయన జూదంలో సగం తాతది, సగం తనది అని కాదు. కొందరికి జారుడు ఎక్కువ, అంతే. ఆయన్ని రోగి అని ఎవరూ అనకపోవడం వల్ల ఆయనకి గానీ మీ పిన్నిగారికి గానీ ఒరిగిందేమిటి?


పాలకొల్లు కోడలు
జనవరి 30, మధ్యాహ్నం 2:15

అన్నయ్యగారూ, ఇది ఎక్కడా చెప్పుకోలేదు, మీ కోసం చెబుతున్నాను. మా అమ్మకి ఇదే జబ్బు, ఇదే మాత్ర. ఆవిడ పేక ఆడలేదు, చీరలు కొంది. ఉప్పాడ, మంగళగిరి, వెంకటగిరి, అప్పు మీద, వాయిదాల మీద. ఇద్దరు చీరలమ్మే వాళ్ళు మధ్యాహ్నం మేమెవరం లేని టైములో వచ్చి వెళ్ళేవాళ్ళు. ఆవిడ పోయేదాకా కట్టినా అవ్వనన్ని చీరలు మంచం కింద ట్రంకు పెట్టెలో మడత విప్పకుండా దొరికాయి. 61 లెక్కపెట్టాం. ఒక్కదానికీ ఫాల్ కుట్టించలేదు. కట్టుకుందామని కొన్నది కాదు కదండీ.

నేను అమ్మని చాలా మాటలు అన్నాను. నాన్నగారు పోయాక నీకు షోకులు ఎక్కువయ్యాయి అని కూడా అన్నాను. తర్వాత డాక్టరుగారు మందు సంగతి చెప్పినప్పుడు ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మీరింకా ఏమీ అనలేదు కాబట్టి మీకు ముందే చెబుతున్నా.

మందు తగ్గించేటప్పుడు మొదటి నెల చాలా కష్టం. రాత్రుళ్ళు నిద్ర లేదు, గుండె దడ, ఏదో అయిపోతుందని ఏడుపు. పాత డోసు ఇచ్చేయండని బతిమాలేది. మేం తట్టుకోలేక ఒకసారి ఇచ్చేశాం కూడా, మళ్ళీ మొదటికొచ్చింది. మీ అమ్మగారు ఒక్కరే ఉండకుండా చూసుకోండి. ఇంకోటి, తగ్గాక వాళ్ళకి సిగ్గు ముంచుకొస్తుంది. అమ్మ ఆరు నెలలు గుమ్మం దాటలేదు. మందుదే తప్పు అని మీరు వందసార్లు చెప్పినా చేసిన చేతులు తమవే అని వాళ్ళకి తెలుసు. అప్పుడు పక్కన కూర్చోవాలి.


కాలవగట్టు
జనవరి 30, రాత్రి 8:05

మాస్టారూ, మా పిన్నికి ఫోన్ చేశాను. బాబాయ్ వాళ్ళ నాన్న కూడా పేకలో తోట పోగొట్టాడంట, నాకు ఇన్నాళ్ళూ తెలీదు. బాబాయ్‌కి ఇద్దరు కొడుకులు. పెద్దాడికి పేక ముక్క ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాలా, లేకపోతే అది చెప్పినా ప్రయోజనం లేనిదా?


పాఠం చెప్పే మాస్టారు
జనవరి 30, రాత్రి 9:30

తప్పకుండా చెప్పండి, తాతగారి సంగతీ బాబాయిగారి సంగతీ దాచకుండా చెప్పండి. ఏటవాలు గట్టు మీద నడుస్తున్నానని తెలిసినవాడు అడుగు చూసి వేస్తాడు. జారుడు ఉన్నంత మాత్రాన పడి తీరాలని లేదు. బాబాయిగారికి ఇప్పటికైనా చికిత్స ఉంది, మందులూ కౌన్సెలింగూ రెండూ. తీసుకెళ్ళండి.


గుమాస్తాగారబ్బాయి
మే 19, రాత్రి 10:35

ఇన్నాళ్ళూ రాయనందుకు క్షమించండి. ఫిబ్రవరి మొదటివారంలో కాకినాడ వెళ్ళాం. పద్దు పుస్తకం చూపిస్తే డాక్టరుగారు చాలాసేపు పేజీలు తిప్పారు. మందు రాసిన రోజున ఈ సంగతి అడగాల్సింది అని ఆయనే అన్నారు. ప్రమిపెక్సోల్‌ని పది వారాల్లో మెట్టు మెట్టుగా తగ్గించి పూర్తిగా ఆపేశారు, లెవోడోపా వేళలు మార్చారు. పాలకొల్లు చెల్లెమ్మా, నువ్వు చెప్పినట్టే జరిగింది. రెండో వారం నుంచి నెలరోజులు నరకం చూశాం. ఒక రాత్రి నన్ను లేపి, ఒక్క ఆటకి వెళ్ళొస్తాను, మకాం గేటు దాకా నువ్వే తీసుకెళ్ళు అని చిన్నపిల్లాడిలా అడిగారు. నేను బండి తాళాలు నా దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. నీ మాట గుర్తుండబట్టి పాత డోసు ఇవ్వలేదు.

పుస్తకంలో ఆఖరి "పేక" పద్దు మార్చి 2.

ఏప్రిల్లో ఒక సాయంత్రం, కాస్త నెమ్మదిగా ఉన్నారని చూసి మాత్ర సంగతంతా చెప్పాను. మాస్టారు రాసిన శివారు చేను, ఎగువ చేను కూడా చెప్పాను. ఆయనకి అది వెంటనే అర్థమైంది. మా చిన్నప్పుడు ఆయన కౌలు చేసిన ఎకరం శివారుదే. అంతా విని, "డోసు పెంచింది ఏ రోజు?" అని అడిగారు. అక్టోబరు 14 అన్నాను. పుస్తకం తెమ్మని, ఆ తేదీ దగ్గర స్కేలు పెట్టి అడ్డంగా ఒక గీత గీశారు. గీత కింద నుంచి మార్చి 2 దాకా పేక, కోడి అన్నీ కూడారు. 4,63,200. రెండుసార్లు కూడారు. తర్వాత కలం పట్టుకుని ఆగిపోయారు.

"దీన్ని ఎవరి పద్దులో రాయమంటావురా?" అన్నారు.

నేను మందు పద్దులో రాయండి నాన్నా అన్నాను, నిజంగానే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మందు పద్దు అంటూ ఉండదు, డబ్బు ఇంట్లోంచి పోయింది, బయటికి ఇచ్చిన చెయ్యి నాది అన్నారు. తన పేరు రాసి, పక్కన "మందు డోసు పెరిగిన కాలములో" అని చేర్చారు. ఆ రెండు మాటలూ ఒక్క లైనులో పట్టించడానికి అక్షరాలు నొక్కి రాశారు. మా అమ్మ తలుపు పక్కన నిలబడి అంతా వింది. లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చి ఇచ్చింది, జనవరి తర్వాత తన చేత్తో ఆయనకి ఇవ్వడం అదే మొదలు. గొలుసు మొన్న విడిపించాను. మా ఆవిడ ఇప్పుడు తప్పు అనే మాట ఎత్తడం లేదు, వేళకి మాత్రలిచ్చే పని తనే తీసుకుంది.

మాస్టారూ, ఒకటి అడగాలి. ఆ మందు ఆపాక వణుకు కొంచెం తిరిగొచ్చింది. చేతిరాత మళ్ళీ చిన్నబడుతోంది. డోసు పెంచమని అడుగుదామా అంటే నాన్నగారే వద్దంటున్నారు, గుండీలు నువ్వు పెట్టు చాలు అంటున్నారు. గీతలున్న కాగితం మీద రాస్తే అక్షరం నిలుస్తుందని డాక్టరుగారు చెప్పారు. మా అమ్మాయి అమలాపురంలో రెండు గీతల కాపీ పుస్తకాలు ఆరు కొనుక్కొచ్చింది, ఇప్పుడు ఇంటి పద్దు అందులోనే. ఇంకేమైనా చేయించవచ్చా? నిన్నటి పేజీ చూశాను. పాలు 62, దొండకాయలు 30, అమ్మ బీపీ మాత్రలు 118. అంకెలు పైగీతని తాకుతున్నాయి.